వంతెన కింద పండుగప్ప

"ఏమండోయ్! ఆ లంగరు మీరు తీస్తారా, నన్నొచ్చి తియ్యమంటారా?"

నీలం పడవలోంచి వచ్చిన ఆ కేకకు వంతెన కిందంతా మారుమోగింది. స్తంభం మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి ఎగిరిపోయింది. గడియారాల షాపాయన మాత్రం కదల్లేదు. తన పడవలో తాపీగా కూర్చుని, బతికున్న రొయ్యను గాలానికి గుచ్చుతున్నాడు.

"ముందొచ్చింది నేనండీ అమ్మగారూ," అన్నాడు తలెత్తకుండానే. "సముద్రం ఎవరి సొత్తూ కాదు."

"సముద్రం సంగతి నాకెందుకు? ఈ స్తంభం నాది. వచ్చినప్పుడల్లా గాలం వేసేది ఇక్కడే."

"స్తంభం మీద పేరు రాసుందా?"

"రాసే ఉండేది. ఉప్పునీళ్ళకి చెరిగిపోయింది."

ఆయనకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాడు. ఇప్పుడు నవ్వితే చోటు వదులుకున్నట్టే.

అంత తేలిగ్గా వదులుకునే చోటు కాదది. ముసురు పట్టి వెలిసింది. ఏటి నుంచి దిగే బురదనీళ్ళూ, సముద్రపు తేటనీళ్ళూ సరిగ్గా ఆ స్తంభం దగ్గరే గీత గీసినట్టు కలుస్తున్నాయి. గాలి పడిపోయింది. ఆటు మొదలైంది. మడచెట్ల వేళ్ళ మధ్య దాక్కున్న చిన్న చేపలన్నీ దిగే నీటితో పాటు జారుకుంటూ ఆ నీడలోకి రావాల్సిందే. వాటి కోసం అక్కడొక పండుగప్ప చేప కాచుకుని ఉంది. ఈ వేసవంతా ఎందరి దారాలో తెంపుకుపోయిన పండుగప్ప.

ఆవిడ పడవని తీసుకొచ్చి ఆయన పడవ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, దభీమని లంగరు వేసింది. నీళ్ళు ఆయన ముఖాన చిందాయి.

"చేపలు బెదిరిపోతాయి!"

"మీ ముఖం చూసి బెదరనివి, నా లంగరుకి బెదురుతాయా?"

దూరంగా ఉన్న పడవల్లో ఎవరో పకపకా నవ్వారు. ఆయన చెవులెర్రబడ్డాయి. గాలం విసిరాడు. ఆవిడా విసిరింది. రెండూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి.

రెండు దారాలూ ఆటుతో పాటు స్తంభం నీడలోకి జారాయి. ఉన్నట్టుండి ఆయన గాలపు కర్ర విల్లులా వంగింది.

"పడింది!" అని అరిచాడు.

"పడింది నాకు!" ఆవిడ కర్ర కూడా వంగిపోయింది.

స్తంభానికి ఇవతల నీళ్ళు భళ్ళున చీలాయి. వెండిపళ్ళెం లాంటి చేప గాల్లోకి లేచి, తల విదిలించి, మళ్ళీ మునిగింది. దాని నోట్లో ఒక మూల ఆయన గాలం, ఇంకో మూల ఆవిడ గాలం. ఆశపోతు రెండు రొయ్యలూ మింగేసింది.

"వదలండి, అది నాది!"

"మీరే వదలండి!"

చేప ఇద్దరినీ పట్టించుకోలేదు. నేరుగా స్తంభం వైపు పరుగు తీసింది. స్తంభం నిండా కత్తుల్లాంటి గుల్లలు. దారం ఒక్కసారి రాసుకుందంటే చాలు, తెగినట్టే.

"ఏమండీ, అటు పోనివ్వకండి!" ఈసారి ఆవిడ గొంతులో కోపం లేదు, కంగారుంది.

ఆయన కర్రని చంకలో ఇరికించుకున్నాడు. ఒంటిచేత్తో లంగరు లాగేశాడు. ఆటు పడవని స్తంభానికి దూరంగా తోసుకుపోయింది. చేప తల ఇటు తిరిగింది. ఆవిడ కూడా లంగరు ఎత్తేసి, ఆయన పడవ అంచు పట్టుకుంది. రెండు పడవలూ అతుక్కుని గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోతుంటే ఆయన లాగాడు, ఆవిడ వదిలింది. ఆవిడ లాగింది, ఆయన వదిలాడు. ఆయన కళ్ళజోడు నీళ్ళపాలైంది. ఆవిడ టోపీ ఊడిపోయింది.

"అలిసింది, అలిసింది. వల పెట్టండి!"

"కనబడి చస్తేగా! మీరే పెట్టండి."

ఆవిడ చేతివల ముంచింది, ఇద్దరూ కలిసి ఎత్తారు. పసిపిల్లంత చేప పడవలో ధన్‌మని పడింది. ఇద్దరూ చతికిలబడి, ఒకరి అవతారం ఒకరు చూసుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

రేవులో తూకం వేసే మనిషి ఉద్యోగంలో కొత్తగా చేరాడు. చేపని త్రాసుకి తగిలించి, "ఎవరిదండీ?" అన్నాడు.

"నాది," అన్నారు ఇద్దరూ.

అతను దాని నోట్లో రెండు గాలాలూ చూసి బుర్ర గోక్కున్నాడు. "పోనీ, మధ్యకి కోసి చెరిసగం ఇమ్మంటారా?"

"కొయ్యకు!" ఈసారీ ఇద్దరిదీ ఒకే మాట.

"సంగతి తర్వాత తేల్చుకుందాం," అంటూ ఆవిడ గాలపు కర్ర భుజాన వేసుకుని రోడ్డెక్కింది.

తూకం మనిషి జాలిగా ఆయన దగ్గరికి జరిగాడు. "మీరు కాబట్టి ఓర్చుకున్నారు గానీ, అదేం నోరండీ బాబూ! వంతెన దగ్గర అరిస్తే ఇక్కడిదాకా వినబడింది. ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

ఆయన చేపని భుజానికెత్తుకుని, ఆవిడ వెళ్ళిన వైపే నడుస్తూ అన్నాడు:

"మా ఆవిడ."