మూడు నడికట్లు

కొత్త రాణి ఇంకా ఆటలోకి అడుగు పెట్టనే లేదు. అప్పుడే ఆమె బట్టల మీద తిట్లు మొదలయ్యాయి.

ఆ ఆన్‌లైన్ ఆటలో ఆడపాత్రల దుస్తులన్నీ మాస్టారి గీతలే. స్టూడియోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. పదిహేనేళ్ళ అనుభవం, ఎప్పుడు చూసినా తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, ముక్కు మీద కోపం. బొమ్మ గీసేది ఆయన, రంగులు నింపేది కిందివాళ్ళు, సరేననేది మళ్ళీ ఆయనే.

అంతటి మనిషిని ‘జోరీగ’ అని పేరు పెట్టుకున్న ఆటగాడెవడో కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఆటగాళ్ళు అభిప్రాయాలు రాసే పేజీలో మొన్నటికి మొన్న, “అడవిలో నక్కి వేటాడే పిల్లకి నెత్తుటి రంగు బట్టలేంటి మహాప్రభో! జింకలకి ముందే కబురు పెట్టి వెళ్తుందా?” అని రాశాడు. రెండు వేల మంది పడీ పడీ నవ్వారు. యజమాని పిలిచి అడిగితే మాస్టారు కాసేపు తడుముకుని, “అదొక శైలి” అన్నారు.

అది విడుదలయ్యాక వచ్చిన వెక్కిరింత. పోనీలే అనుకోవచ్చు. ఈసారి రాసింది వేరు.

“కొత్త రాణికి భుజాలకి ఇనుము, మోకాళ్ళకి ఇనుము, పొట్టకి మాత్రం చల్లగాలి. శత్రువుకి దారి చూపిస్తున్నారా?”

కొత్త రాణి బొమ్మ బయటివాళ్ళెవరూ చూడలేదు. మాస్టారు కాక చూసింది ముగ్గురే. బొమ్మకి నడకా కదలికలూ ఇచ్చే పొడుగాయన, ఆట ఆడి తప్పులు పట్టే టెస్టరు, ఆర్నెల్ల క్రితం చేరిన కొత్తమ్మాయి.

“ఎవరో తేల్చండి మాస్టారూ. తేలిన రోజే పంపించేద్దాం,” అన్నాడు యజమాని.

తేల్చడానికేముంది, మాస్టారి కళ్ళు ఎప్పుడో కొత్తమ్మాయి మీద పడ్డాయి. బొమ్మ చూపించిన రోజు టెస్టరు ఆవలించాడు. పొడుగాయన, “అద్భుతం మాస్టారూ, వేలు పెట్టడానికి లేదు!” అన్నాడు. ఆ పిల్ల మాత్రం, “సార్, ఇది తొడుక్కుని వంగితే అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. పొట్ట కూడా కప్పేద్దాం సార్,” అంది. పైగా ఈమధ్య మాస్టారు అటు వస్తే చాలు, ఫోను బోర్లా పెట్టేస్తోంది. తనలో తనే నవ్వుకుంటోంది. ఇంకేం కావాలి?

అయినా రుజువు ఉండాలి. మాస్టారు ఒక పథకం వేశారు.

రాణి నడుముకి ఒక నడికట్టు చేర్చారు. కంప్యూటర్లో రంగుల పేర్లు చదువుకుంటూ ఒక బొమ్మలో ఎరుపు, ఒకదానిలో ఆకుపచ్చ, ఒకదానిలో నీలం నింపారు. చంటిపిల్లలైనా ఇట్టే చెప్పగల రంగులు. జోరీగ ఏ రంగుని వెక్కిరిస్తే ఆ కాగితం అందుకున్నవాళ్ళే దొంగ.

మూడూ ప్రింటు తీసి వరసగా పట్టుకుని వస్తుంటే నడవా మలుపులో పొడుగాయన ఎదురొచ్చి గుద్దుకున్నాడు. కాగితాలు నేల మీద పరుచుకున్నాయి. మాస్టారు కంగారుగా అన్నీ ఏరుకుని గుండెకి హత్తుకున్నారు.

“చూశావా?” అన్నారు అనుమానంగా.

“లేదు మాస్టారూ! మీరు చూపించందే నేనెందుకు చూస్తాను?”

ఆ మధ్యాహ్నమే ముగ్గురికీ తలా ఒక కాగితం వెనక సంతకం పెట్టి విడివిడిగా ఇచ్చి, “ఎవరికీ చూపించొద్దు” అని చెప్పారు. తర్వాత తలుపు మూసుకుని డైరీలో రాసుకున్నారు. టెస్టరుకి నీలం. పొడుగాయనకి ఎరుపు. కొత్తమ్మాయికి ఆకుపచ్చ.

రెండు రోజులు ఆ పేజీ తెరిచి చూస్తూ కూర్చున్నారు. మూడో రోజు జోరీగ కుట్టింది.

“పొట్ట కప్పమంటే నడుముకి ఆకుపచ్చ గుడ్డ చుట్టారు. బాకు దిగితే గుడ్డ ఆపుతుందా?”

మాస్టారు డైరీ తెరిచి చూసుకున్నారు. గుండె మీద బరువు దిగినట్టయింది. పొడుగాయన వెనక నుంచి తొంగి చూసి, “ఆ పిల్లేనా? ఎంతకి తెగించింది మాస్టారూ!” అని నోరు నొక్కుకున్నాడు.

గంటలో ఆ పిల్లని పనిలోంచి తీసేసే ఉత్తరం తయారైంది. ఇక మాస్టారి సంతకమే తరువాయి. కొత్తమ్మాయిని పిలిచి సంగతి చెప్పారు.

ఆ పిల్ల గబగబా తల అడ్డంగా ఊపింది. “నేను కాదు సార్. ఒట్టు!”

“మరి నన్ను చూసి ఫోను ఎందుకు దాస్తావు?”

“మా అమ్మతో మాట్లాడుతుంటాను సార్. ఆట చివర్లో అందరి పేర్లతో పాటు నా పేరు కూడా పడుతుందని చెప్పాను. ఎప్పుడు పడుతుందే అని రోజూ అడుగుతోంది. దొంగతనం అంటగట్టి పంపిస్తే ఇంకెక్కడా పని దొరకదు సార్.”

“ఆకుపచ్చ ఇచ్చింది నీ ఒక్కదానికే.”

“ఆకుపచ్చా?” ఆ పిల్ల తెల్లబోయింది. గబగబా వెళ్ళి తన సొరుగులోంచి కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. “మీరు నాకిచ్చింది ఇదే సార్, వెనక మీ సంతకం కూడా ఉంది. ఇది ఎరుపు సార్!”

మాస్టారు కాగితం వెనక్కి తిప్పారు. సంతకం ఆయనదే. మళ్ళీ ముందుకి తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూశారు.

“మీరే చెప్పండి సార్,” అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. “ఇది ఏ రంగు?”

మాస్టారు కాగితాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. ఎరుపూ ఆకుపచ్చా తన కంటికి ఒకేలా కనిపిస్తాయని ఆయన పుట్టి బుద్ధెరిగాక ఇంతవరకూ ఎవ్వరికీ చెప్పలేదు.