నాలుగో కిటికీ

“ఇదిగో మాస్టారూ, ఇంకో మహానుభావుడు దొరికాడు!” అంటూ కొత్త సిలబస్ మేడమ్ ఎర్రపెన్ను బల్లమీద పడేసింది.

ఆవిడకు ఆ పేరు ఊరికే రాలేదు. యూనివర్సిటీలో ప్రభుత్వ పాలన శాఖవాళ్లు ముప్పై ఏళ్లుగా అవే పాఠాలు చెబుతూ వచ్చారు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా, పుస్తకంలో మాత్రం టైపిస్టు విధులు ఇంకా అయిదు మార్కుల ప్రశ్నే. ఆవిడ మూడేళ్లు కమిటీల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, పెద్దలందరిచేతా చీవాట్లు తిని, చివరికి సిలబస్ మార్పించింది. ఇవాళ్టి ఆఫీసుల్లో జరుగుతున్నవాటినే పాఠాలుగా పెట్టింది. ఇప్పుడు దిద్దుతున్నవి ఆ కొత్త సిలబస్ తొలి పరీక్ష పేపర్లు; కాలేజీ పిల్లలవీ, ప్రైవేటుగా కట్టినవాళ్లవీ, పేర్లు లేకుండా నంబర్లతో కలిసి ఉన్నాయి. ఎదురుగా మరో కట్ట ముందేసుకుని కూర్చున్న పాత నోట్సు మాస్టారు ఒకప్పుడు ఆవిడకు చదువు చెప్పిన మనిషి.

“ఏం రాశాడమ్మా?”

“మూడో ప్రశ్న. నాలుగో కిటికీ గుమాస్తా ఏ ఆశయాలతో ఆ మార్పు తెచ్చింది?”

ఆ పాఠమంటే మేడమ్‌కు ప్రాణం. పింఛను ఆఫీసు సంగతి అది. ముసలివాళ్లు కింద నాలుగో కిటికీలో దరఖాస్తు ఇచ్చి, మూడు సంతకాల కోసం మేడమీద మూడు గదులూ తిరిగి రావాల్సి వచ్చేది. కిటికీలో కూర్చునే గుమాస్తా ప్రతి బుధవారం ఆ ముగ్గురినీ కిందికి రప్పించి, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. రోజంతా పట్టే పని గంటలో అయిపోసాగింది. దీన్ని పాఠంగా రాయడానికి మేడమ్ రెండు రోజులు ఆ ఆఫీసుకు వెళ్లి, పెద్ద ఆఫీసరు చెప్పిందంతా రాసుకుంది. గుమాస్తానూ పలకరించింది గానీ, కిటికీ దగ్గర జనం మూగి ఉండటంతో మాటలు నమస్కారాలతోనే సరిపోయాయి.

“అయిదు ఆశయాలు రాయాలి మాస్టారూ. శాఖల సమన్వయం, పనుల సరళీకరణ, ఇంకా మూడు. ఒక్కటుంటే ఒట్టు! వినండి ఈ భాగోతం.”

ఆవిడ గొంతు సవరించుకుని చదివింది.

“‘ఆ గుమాస్తాకు ఆశయాలేమీ లేవు. మోకాళ్ల నొప్పులున్నాయి. మెట్లు ముప్పై ఆరు. ఎక్కలేని ముసలివాళ్ల కాగితాలు మొదట్లో తానే పైకి తీసుకెళ్లేది. మోకాళ్లు పట్టేశాక, మీరే దిగండి బాబూ అని పైవాళ్లను బతిమాలింది. ఒక్కరూ కదల్లేదు. ఓ బుధవారం ఇంటినుంచి ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చింది. టీ కోసం దిగారు. దిగాక ఊరికే కూర్చోలేక సంతకాలు పెట్టారు.’”

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. “భలే రాశాడే!”

“భలేనా? నా పుస్తకంలో టీ ఎక్కడుంది? పాఠం మొహం చూడకుండా సొంత కవిత్వం అల్లేశాడు.”

“అల్లేవాడు మెట్లు లెక్కపెడతాడా అమ్మా? నిజంగా ఎన్నున్నాయో నువ్వు చూశావా?”

“నేనెందుకు చూస్తాను? ఆఫీసరుగారు తన లిఫ్టులో తీసుకెళ్లారు.”

“సరే, మిగతా జవాబులెలా ఉన్నాయి?”

“ఫరవాలేదు. దీనికి మూడు మార్కులేస్తే గట్టెక్కుతాడు.”

“వేసెయ్. నీ సొమ్మేం పోయింది?”

“నా సిలబస్ పరువు పోతుంది మాస్టారూ! కొత్త సిలబస్ అంటే కాకమ్మ కబుర్లని ఎత్తిపొడవడానికి కాచుక్కూర్చున్నారు. తొలి ఏడాదే జాలిపడితే మళ్లీ ఆ టైపిస్టు విధులే గతి.”

ఒక్క మార్కు వేసి, కంప్యూటర్లోకి ఎక్కించి మీట నొక్కింది. నొక్కాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా అది మారదు. ‘పాపం, ఎవరి బిడ్డో’ అని మనసు పీకింది. అయినా తర్వాతి పేపరు తీసుకుంది.

సాయంత్రం వెళ్లబోతూ మాస్టారు అడిగారు, “ఇంతకీ ఆ గుమాస్తాకు పుస్తకం ఇచ్చావా?”

ఇవ్వలేదు. సిగ్గనిపించింది మేడమ్‌కు. ఆ బుధవారమే పుస్తకం పట్టుకుని వెళ్లింది. ఈసారి లిఫ్టు వైపు పోలేదు. మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టింది. ముప్పై ఆరు.

“అయ్యో, మీరా మేడమ్! రండి రండి,” అంటూ నాలుగో కిటికీ గుమాస్తా కుంటుకుంటూ వచ్చి కుర్చీ వేసింది. యాభై దాటిన మనిషి. పుస్తకం కళ్లకద్దుకుంది. “వచ్చే నెలకి నేనీ కిటికీలో ఉండకపోవచ్చండీ. ఒక్క కాగితం వస్తే ప్రమోషన్. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. ఈసారి తప్పకుండా వస్తుందని ధైర్యంగా ఉన్నాను.”

“ఎక్కడ ఆగిందో చెప్పండి. నేను మాట్లాడతాను.”

“మీ దయ చాలండీ. ముందు ఇది పుచ్చుకోండి.”

బల్ల కిందనుంచి ఫ్లాస్కు తీసి గ్లాసులో పోసింది. అల్లం వాసన గుప్పుమంది. మేడమ్ చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. అయితే ఆ కుర్రాడు రాసింది నిజమే! వాడెవడో వెతికి పట్టుకోవాలి. కాళ్లావేళ్లా పడైనా ఆ మార్కులు మార్పించాలి.

“ఈ టీ సంగతి... మీ పిల్లలెవరికైనా చెప్పారా?”

“నాకు పిల్లలెక్కడండీ!”

“ఆఫీసులో?”

“పైవాళ్లు ముగ్గురికే తెలుసు. బయటపడితే పరువు తక్కువని వాళ్లూ నోరు మెదపరు.”

“మరి బయట ఇంకెవరితోనైనా అన్నారా?”

గుమాస్తా చిన్నపిల్లలా నవ్వింది.

“మొన్న మీ పరీక్షలో రాశానంతే.”