అమ్మకానికి వాల్వు ఆంప్

“వేడెక్కనీ అబ్బాయ్, తొందరపడకు,” అంది నోలీన్.

ఫెలేటి గిటార్ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా రొట్టెల డబ్బా అంత ఆంప్, గిటార్ మోతను పెంచే పాతకాలపు పెట్టె. వెనక జాలీలోంచి వాల్వుల గాజు గొట్టాలు నిప్పుకణికల్లా ఎర్రబడుతున్నాయి. కిటికీ అవతల పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు.

శనివారం అతని చెల్లెలి పెళ్లి. చర్చి హాల్లో అన్నే వాయించాలని పెళ్లికూతురి పట్టు. ఉన్న ఆంప్ మొన్న రిహార్సల్లో పొగ వదిలి చచ్చింది. అమ్మకం ప్రకటన చూసి ఇక్కడికొచ్చాడు; ఇది దొరక్కపోతే పెళ్లిలో చేతులు కట్టుకుని నిలబడాలి.

“మా ఆయన క్లైవ్‌ది,” అంది నోలీన్. “ఇప్పుడు వాయించడం లేదు.”

కొక్కేనికి మగవాళ్ల కోటు వేలాడుతోంది. గుమ్మం పక్కన పాలిష్ చేసిన బూట్లు. ఫెలేటి తల వంచాడు.

“అయ్యో. బాధగా ఉంది ఆంటీ.”

ఆమె వెళ్లి లోపలి గది తలుపు ఓరగా తెరిచి వచ్చింది.

అతను వాల్యూమ్ మూడు మీద పెట్టి మీటాడు. స్వరం కడిగిన గాజులా ఉంది. అయిదు మీద అంచులు కరుకెక్కాయి. గట్టిగా మీటితే గొంతు జీరపోతోంది, మెల్లగా మీటితే మళ్లీ తేటపడుతోంది. ఏడు దాటాక లావు తీగల మోత అంతా బురదైపోయింది.

“పిట్ట కొంచెం, కూత ఘనం,” అన్నాడు. “కానీ డ్రమ్స్ పక్కన అరిపిస్తే తట్టుకోదు. వాల్యూమ్ అయిదు, టోన్ నాలుగు. దీని హద్దు అదే, దీని అందమూ అదే.”

“టోన్ పది మీద పెట్టు.”

“పదా? చెవుల్లో సూదులు గుచ్చినట్టుంటుంది.”

“మా ఆయన అలాగే పెట్టేవారు.”

ఆమె చూపు అతని మీద లేదు, తలుపు సందు మీద ఉంది. పోయిన మనిషి గది కాబోలు అనుకున్నాడు.

టోన్ పది చేశాడు. ఆంప్ రేకు మీద మేకు గీసినట్టు కీచుమంది.

“బాగుంది. సౌండు ఇంకా పెంచు.”

“ఏం బాగు ఆంటీ? మా అమ్మమ్మ వింటే పెళ్లికి పందిని కోస్తున్నారనుకుంటుంది.”

“ఇన్నేళ్లు విన్నదాన్ని, నాకు తెలియదా? పెంచమంటుంటే.”

ఫెలేటికి విసుగొచ్చింది. “అమ్ముతారా లేదా, అది చెప్పండి. పెళ్లి నెత్తి మీద పెట్టుకుని ఆటలాడే ఓపిక లేదు నాకు.”

“నేను చెప్పినట్టు వాయించు, చెబుతాను.” అంది ఆమె. “నిన్న వచ్చినవాడు మధ్యలోనే తిట్టుకుంటూ లేచిపోయాడు. నువ్వన్నా పోకు నాయనా.”

తోడు పోయిన దుఃఖం మనిషిని ఎలాగైనా చేస్తుంది అనుకున్నాడు ఫెలేటి. లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు. పళ్లు బిగించి వాల్యూమ్ కూడా పది చేసి, ఆరు తీగలూ ఒక్కసారే మీటాడు. అలమరలో టీకప్పులు గలగలలాడాయి.

తీగల మీద అరచేయి ఆనించి మోత ఆపాడు. ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచి, తలుపు వెనక నుంచి, బొంగురుగా, ముక్కలుముక్కలుగా ఒక మగ గొంతు వినిపించింది.

“టోన్... తగ్గించరా... దద్దమ్మా.”

నోలీన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తలుపు వైపే చూస్తూ చేయి తీసింది.

“అమ్మడానికి కాదు, కానీ శనివారం ఊరికే పట్టుకుపో,” అంది. “పది అని అబద్ధమాడాను, ఆయన టోన్ నాలుగు దాటనిచ్చేవారు కాదు. తిరిగి తెచ్చాక మళ్లీ ఇంతే ఘోరంగా వాయించు నాయనా... పోయిన చలికాలం పక్షవాతం వచ్చి మాట పడిపోయాక మా ఆయన నోరు విప్పడం ఇదే మొదలు.”