టేక్ ఆఫ్‌కు ఐదు అర్థాలు

“మళ్ళీ చెప్పండి. టేక్ ఆఫ్. మొదటిది?” అంది దర్జీ.

“బూట్లు విప్పడం,” అన్నాడు ఆమె భర్త.

“రెండు?”

“విమానం లేవడం.”

“మూడు?”

ఆయన మూడో వేలు మడిచి, మళ్ళీ విప్పాడు. ఆమె సూదిని బట్టకు గుచ్చి పక్కన పడేసింది. పొద్దుటినుంచి ఇది తొమ్మిదోసారి.

“పనికి సెలవు పెట్టడమండీ! గోడకు చెప్పుకున్నా ఈపాటికి వచ్చేసేది.”

“గోడకు యాభై ఏడేళ్ళు లేవు కదే.”

నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

రేపు పదకొండింటికి క్లాసులో ఇదే పాఠం. పెద్దసారు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడట. ఈసారీ తడబడితే పేరు కొట్టేస్తానని మొన్న అందరి ముందే అనేశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వరా మరి? ఎదుటివాడి పరువంటే ఆ వయసుకు పిప్పరమెంటు బిళ్ళ.

“బడికి రావద్దంటే ఏం చేయనే నేను? ఇంట్లో కూర్చుని నీకు బొత్తాలు కుట్టనా?”

“మీరు కుడితే చొక్కా వెనక్కి తిప్పి తొడుక్కోవాలి. పాఠం చూడండి. నాలుగు, వ్యాపారం ఉన్నట్టుండి పుంజుకోవడం. మన గుమ్మం తొక్కని అర్థం. ఐదు?”

ఆయన కిటికీలోంచి వీధి చూశాడు.

ఆమె లేచింది. పొట్ట ముందుకు తోసి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పెద్దసారులా దగ్గింది. “క్రమశిక్షణ! ముందు క్రమశిక్షణ!”

ఆయన పడీపడీ నవ్వాడు. “అచ్చం వాడే!”

“అదీ! ఒకరిలా నటించి వెక్కిరించడం. ఇక మర్చిపోరుగా?”

“ఎందుకు మర్చిపోతాను?”

“అయితే మొదట్నుంచి కానివ్వండి. టేక్ ఆఫ్.”

నవ్వు ఇంకా ఆయన పెదాల మీదే ఉంది.

“అంటే ఏంటే?”

ఆమె గిరుక్కున అటు తిరిగింది. అరచేత్తో నోరు నొక్కుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు.

“కోప్పడకే,” అన్నాడాయన వెనకనుంచి, చిన్నగా. “ఇంకొక్కసారి చెప్పు. ఈసారి బుద్ధిగా వింటాను.”

ఆమె కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, “బూట్లు విప్పడం,” అంది.

నాలుగో తరగతితో చదువు ఆపేసిన ఆమెకు ఆ ఐదు అర్థాలూ వచ్చాయంటే, ఇరవై ఆరేళ్ళుగా పక్కగదిలో ఈ ఇంగ్లీషు మాస్టారు ట్యూషన్ పిల్లలకు చెప్పే పాఠం వినబట్టే.