రెండే గడులు

“నిద్ర బాగా పడుతోందా?” సైకాలజీ ప్రొఫెసర్ సుధామయి స్పానిష్‌లో అడిగింది.

“బ్రహ్మాండంగా,” అన్నాడు రమీరో, మెక్సికో నుంచి కాంట్రాక్టు మీద కెనడాలోని కిచెనర్ తోటల్లోకి వచ్చిన కూలీ. కళ్ళు చూస్తే చింతనిప్పులు.

ఆవిడ రికార్డర్ ఆపేసింది. “మీ మగవాళ్ళకి బాధ చెప్పుకోవడం నామోషీ. ఇరవై ఏళ్ళుగా నా రీసెర్చ్ అదే.”

“నామోషీ కాదు డాక్టర్ గారూ. కిందటేడు మా హోసే క్లినిక్‌లో ఏడ్చాడు. తోట ఓనర్ వారం తిరక్కుండా మెక్సికో విమానం ఎక్కించేశాడు.”

“కౌన్సెలింగ్‌కి రండి, నేనెవరికీ చెప్పను.”

“ఎవరికీ చెప్పకుండా నాకేం చెయ్యగలరు?”

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

“కౌన్సెలింగ్ వద్దన్నాడుగా మేడం,” అంది అసిస్టెంట్ తేజశ్రీ. “రీజన్ ఏం టిక్ చెయ్యను?”

ఫారంలో ఉన్నవి రెండే గడులు: నామోషీ, ఆచారం. ఆ ఫారం తయారు చేసింది సుధామయే.

“నామోషీ అనే పెట్టమ్మా. ఖాళీగా వదిలేస్తే సిస్టమ్ తీసుకోదు.”