పెదనాన్న రెండో చావు

మా పెదనాన్న ఆంజనేయులు పద్యనాటకంలో బాణం తగిలి చస్తాడు. జనం "వన్స్ మోర్" అంటే లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు. అది ఆనవాయితీ.

ఇప్పుడు ఆ నాటకాన్ని మా ఇంటి గోడ సినిమాగా మారుస్తోంది. తెరలూ తెలివీ వచ్చాక ఊళ్లో గోడలన్నీ సినిమాలు తీస్తున్నాయి. పక్కింటి గోడకి అవార్డు కూడా వచ్చింది.

"చచ్చినవాడు లేవకూడదు. రెండోసారి పద్యం తీసేస్తున్నా," అంది గోడ.

పెదనాన్న అన్నం మానేశాడు. "ఒక్కసారే చస్తే నన్నెవరు గుర్తుపెట్టుకుంటార్రా?"

నేను గోడకి నచ్చజెప్పా. "చూసేవాళ్లు అడిగితేనే లేపు."

సరేనంది.

నిన్న సినిమా వచ్చింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ "వన్స్ మోర్" అన్నారు. ప్రతి గోడమీదా పెదనాన్న లేచాడు.

పెద్దమ్మ కంచం పెట్టింది. "చచ్చింది చాలు, తినండి."

"ఎదురింట్లో ఇంకా చస్తూనే ఉన్నానే," అన్నాడు పెదనాన్న, హాయిగా ముద్ద కలుపుకుంటూ.