మచ్చ ఉన్న బల్ల

పాత సామాన్ల దుకాణం ముందు వ్యాను ఆగింది. సోఫాలు దిగాయి, అద్దాల బీరువా దిగింది, మనిషెత్తు పూలకుండీలు దిగాయి. ఆఖర్న ఒక పెద్దావిడ దిగింది.

"ఇవన్నీ తీసేసుకో నాయనా. బదులుగా ఒక ఇనప మంచం, ఒక చెక్క కుర్చీ, ఒక గోడ గడియారం ఇయ్యి."

దుకాణందారు ముక్కు మీద వేలేసుకున్నాడు.

ఆ వీధిలో అందరూ అతన్ని కోతలరాయుడంటారు. తన కొట్లో చెంచాకి కూడా వంశచరిత్ర చెప్పగలడు. ఫలానా కుర్చీలో కూర్చునే ఒక జడ్జి దోమకి యావజ్జీవం వేశాడంటాడు. ఫలానా గడియారం ఆగిన రోజున ఊళ్ళో ఎవరికీ ఆకలే వెయ్యలేదంటాడు. వచ్చినవాళ్ళు నమ్మరు, కానీ కొనుక్కుపోతారు.

"ఏయ్ ఆయా, మంచినీళ్ళు" అని వ్యాను ముందు సీట్లోంచి ఒక ముసలాయన కేకేశాడు.

ఆవిడ గబగబా వెళ్ళి సీసా మూత తీసి అందించింది.

ఓహో, ఆయన యజమాని, ఈవిడ ఆయా అనుకున్నాడు కోతలరాయుడు.

"మీ అయ్యగారికి కొత్త ఫ్యాషను పట్టుకుందన్నమాట ఆయమ్మా. ఇప్పుడు కలిగినవాళ్ళంతా ఇంతే. ఇల్లంతా ఊడ్చేసి, నడిమధ్యన ఒక పాత కుర్చీ వేసుకుని, దాన్ని చూసి మురిసిపోతారు. మొన్నొకాయన మరీ ఖాళీ చేసేసి, సాయంత్రం ఇంటికెళ్ళి దొంగలు పడ్డారని పోలీసులకి ఫోన్ చేశాడు."

ఆవిడ నవ్వింది.

"ఫ్యాషను కాదు నాయనా. ఇది మా ఇల్లు కాదంటూ పెద్దాయన గుమ్మం దాటి వెళ్ళిపోతున్నారు. మొన్న రైలు పట్టాల పక్కన దొరికారు. వయసులో ఉన్నప్పటి గది ఎలా ఉండేదో అలా సర్దితే కుదురుగా ఉంటారేమోనని."

"అంత పాటు నీకెందుకమ్మా? జీతం బాగా ఇస్తారేంటి?"

"బాగానే ఇచ్చారులే."

ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడు వస్తూనే ఉంది. ఒకసారి అద్దం పట్టుకెళ్ళింది, ఒకసారి రేకు దీపం. గది చాలావరకు కుదిరింది గానీ, ముసలాయన కాలు మాత్రం ఇంకా గుమ్మంలోనే ఉంది.

"ఒక్కటే వెలితి నాయనా. చిన్న చెక్క బల్ల. కుడి అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉండాలి, పడవలాగా."

"మచ్చ లేనిది అడిగేవాళ్ళని చూశాను. ఏరి కోరి మచ్చ అడిగేదానివి నువ్వే. చంద్రుడికి తప్ప అది ఎవరికి అందమమ్మా?"

"దొరికితే చూడు."

చిత్రంగా, అలాంటిదే ఒక బల్ల దొరికింది. మచ్చతో సహా.

కోతలరాయుడి నోరు ఎంత పెద్దదో మనసూ అంతే. ఈ మచ్చల బల్ల పట్టుకెళ్తే పాపం ఆయమ్మని యజమాని చీవాట్లు పెడతాడని జాలిపడ్డాడు. కూర్చుని గరుకు కాగితంతో రుద్దాడు, రంగు పట్టించాడు, మొహం కనపడేలా మెరుగు పెట్టాడు.

ఆవిడ వచ్చింది. వెంట ముసలాయన కూడా వచ్చాడు. ఆయన్ని గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి లోపలికి వచ్చి, బల్ల అంచున అరచెయ్యి పెట్టి రాసింది.

"మచ్చేది నాయనా?"

"రుద్ది రుద్ది తీసేశానమ్మా. నా భుజం పడిపోయిందనుకో."

ఆవిడ మొహం వాడిపోయింది. అలమరలో ఉన్న పాత ఇస్త్రీపెట్టె కేసి చూసింది.

"అది పనిచేస్తుందా?"

"పనిచెయ్యడమా? దీని వేడికి ఒకసారి పక్క వీధిలో ఐసు బండి నీరైపోయింది."

"ఏదీ, పెట్టు."

బేరం తగిలిందని అతను సంబరంగా ప్లగ్గు పెట్టాడు.

పెట్టె కాలింది. ఆవిడ దాన్ని ఎత్తి, మెరుస్తున్న బల్ల మీద బోర్లా ఆనించింది.

"ఆయమ్మా, ఏంటా పని?"

ఆవిడ వినలేదు. చేతిలో పెట్టె ఉన్న సంగతే మరిచిపోయినట్టు, గుమ్మంలో ఉన్న ముసలాయన్నే చూస్తూ నిలబడిపోయింది.

అతను ప్లగ్గు పీకి, పెట్టె లాక్కునేసరికి బల్ల మీద నల్లటి పడవ తేలింది.

కమురు వాసనకి ముసలాయన లేచి లోపలికి వచ్చాడు. మచ్చ చూశాడు. దాని చుట్టూ వేలు తిప్పాడు. మొహం విప్పారింది.

"ఏమయ్యా, ఇది మా ఇంటి బల్ల. నీ దగ్గరికెలా వచ్చింది?"

కోతలరాయుడు చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టెని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"ఈ మచ్చ మా ఆవిడ పెట్టింది. పెళ్ళయిన కొత్త. నా చొక్కా ఇస్త్రీ చేస్తూ చేస్తూ నా మొహం చూస్తూ ఉండిపోయింది. చొక్కా కాలింది, కింద దుప్పటి కాలింది, బల్ల కూడా కాలింది. నా మొహంలో అంతేముందో మరి." ఆయన సిగ్గుపడ్డాడు.

"తీసుకుందామా అయ్యగారూ?" అంది ఆవిడ మెల్లగా.

"ఉండు ఆయా, తొందరపడకు. మా ఆవిడ రానీ. ఆవిడ్ని అడక్కుండా నేను చీపురుపుల్ల కూడా కొనను."

కుర్చీ లాక్కుని, బల్ల ముందు కూర్చుని, రెండు మోచేతులూ ఆనించాడు ముసలాయన. ఇక ఎక్కడికీ పోయేవాడిలా లేడు.

కోతలరాయుడు ఆవిడ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆయన ఇంతగా ఎదురుచూస్తున్నాడు కదా, ఆవిడ్ని ఒక్కసారి పిలిపించకూడదా ఆయమ్మా? ఎప్పుడొస్తుందావిడ?"

ఇంకా వెచ్చగా ఉన్న ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించి, ఆవిడ అంది.

"నేనెప్పుడో వచ్చాను నాయనా, మా ఆయనే ఇంకా రాలేదు."